ముందు పళ్లెం ఎవరు తీస్తారు?

అత్తగారి డెబ్బయ్యో పుట్టినరోజుకు వంట చిన్నకోడలు చేస్తుందని తెలిసిన రోజు పెద్దకోడలికి ఒళ్లంతా కారం రాసినట్టయింది. పోనీ ఆ మాట కాస్త మెల్లగా, నొచ్చుకుంటూ చెప్పారా అంటే అదీ లేదు. పుట్టినరోజుకని తన మిషను మీద కుట్టిన కొత్త బట్టలు తీసుకెళ్లి ఇచ్చిందా, అత్తగారు వాటిని అద్దం ముందు ఒంటికి ఆనించి చూసుకుంటూ, వాన వచ్చేలా ఉందని చెప్పినంత తేలిగ్గా చెప్పేశారు. ఈసారి నువ్వేం పెట్టుకోకమ్మా, చిన్నమ్మాయి ఏదో బఫే అంటోంది, అదే చూసుకుంటుందిలే, అని.

చూసుకుంటుందిట! ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ గరిటె ఎవరి చేతిలో ఉంది? ఎవరికి ఉద్యోగం వచ్చినా, ఎవరికి పెళ్లి కుదిరినా, చుట్టాలు చెప్పాపెట్టకుండా దిగినా వండి వార్చింది ఎవరు? చిన్నకోడలు నిన్నగాక మొన్న వచ్చింది. కళ్లజోళ్ల దుకాణంలో పని. వచ్చినవాళ్ల మొహం మీద ఫ్రేములు పెట్టి ఇది బాగుందా, అది బాగుందా అని అడగడమే దాని ఉద్యోగం. వండుతూ వండుతూనే సగం రుచి చూసేస్తుంది. ఆకలేస్తే ఎవరి కోసమూ చూడకుండా పళ్లెం పెట్టుకుని కూర్చుని, ఆవురావురుమంటూ తింటుంది. అలాంటిదాని చేతిలో పెట్టారు ఇంత పెద్ద పని.

ఇక్కడ ఆ ఇంటి పద్ధతి కొంచెం చెప్పుకోవాలి. ఆ ఇంట్లో నాకు ఫలానాది కావాలని ఎవరూ నోరు తెరిచి అడగరు. అడగడమంటే ఆశపడటం, ఆశపడటమంటే పరువు తక్కువ. వడ్డించబోతే ముందు వద్దంటారు. మళ్లీ వడ్డించబోతే చెయ్యి అడ్డం పెడతారు. మూడోసారి కూడా చెయ్యి అడ్డమే ఉంటుంది కానీ వేళ్ల మధ్య సందు ఉంటుంది. ఆ సందు చూసి వెయ్యాలి. నీకేం కావాలని అడగడం కూడా తప్పే, అంటే ఇన్నేళ్లు కలిసి బతికి ఆ మాత్రం తెలుసుకోలేదన్నమాట. అందరికంటే ముందు పళ్లెం తీసినవాడు తిండిపోతు కింద లెక్క, ఆ పేరు ఇక జన్మలో పోదు.

పెద్దకోడలి గొప్పతనమంతా అక్కడే ఉంది. ఆమె ఎవరినీ అడగదు. ఆమెకు తెలుసు. మామగారి తమ్ముడు, పోస్ట్‌మాన్‌గా పనిచేసి రిటైరైన చిన్నమామగారు వంకాయ ముట్టరని తెలుసు. నర్సుగా చేసే ఆడపడుచు కారం ఓర్చుకోలేదని తెలుసు. బస్సు నడిపే తన భర్తకు చేప వాసనే గిట్టదని తెలుసు. ఎవరి వేళ్ల మధ్య సందు ఎప్పుడు తెరుచుకుంటుందో కనిపెట్టి కొసరి కొసరి వడ్డించేది. తిని లేచేటప్పుడు చిన్నమామగారు ప్రతిసారీ ఒకటే మాట అనేవారు, ఈ అమ్మాయి చెయ్యి పడితేనే కడుపు నిండుతుంది అని. ఆ మాట కోసం ఆమె మిషను తొక్కీ తొక్కీ నడుము పట్టేసిన రోజున కూడా నిలబడి వడ్డించింది. ఇప్పుడా గరిటె పోతే ఆ ఇంట్లో తనకంటూ ఏం మిగులుతుంది? బట్టలు కుట్టిపెట్టే మనిషిగా మిగలాలి, అంతే.

ఆదివారం మధ్యాహ్నం ఆగలేక వెళ్లింది. అత్తగారు, చిన్నకోడలు వాళ్లు ఉండేది రెండు వీధుల అవతలే. వెళ్లేసరికి చిన్నకోడలు భోజనాల బల్లని గోడ దగ్గర నుంచి గది మధ్యకి లాగి, పాత పేపర్లను గుండ్రంగా, పొడుగ్గా కత్తిరించి బల్ల మీద పరుస్తోంది. ఒక్కో పేపరు ముక్క ఒక్కో గిన్నెట. ఏది ఎక్కడ పెడితే జనం గుద్దుకోకుండా నడుస్తారో ముందే చూసుకుంటోందిట. పెద్దకోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. గుడ్డ మీద కత్తెర పెట్టే ముందు పేపరు మీద కత్తిరించి చూసుకోవడం ఆమె పని, ఆమె విద్య. దీనికి కత్తెర పట్టడం కూడా వచ్చా అనుకుంది, లోపల కుతకుత ఉడికిపోతూ.

చిన్నకోడలికి అవేం తెలియలేదు. అక్కా, నువ్వే రావాలనుకుంటున్నా అని చెయ్యి పట్టుకుని బల్ల చుట్టూ తిప్పింది. పళ్లేలు మొదట్లో పెట్టాలి, చెంచాలు చివర్లో పెట్టాలి, లేకపోతే వడ్డించుకునేటప్పుడు చేతులు ఖాళీగా ఉండవు. కూరగిన్నెలు వేడినీళ్ల పళ్లేల్లో పెడితే చల్లారవు. వెనక వరసలోవి అందరికీ కనిపించాలంటే అట్టపెట్టెలు బోర్లించి వాటి మీద పెట్టాలి. అన్నం, రొట్టెలు, కోడికూర, వంకాయ కూర, వేయించిన చేపలు, ఉడికించిన బంగాళాదుంపలు, పచ్చి కూరముక్కలు, చివర్లో పళ్లు, కేకు. చేపలు మాత్రం కొన్ని ముందు వేయించి, మిగతావి అడిగేకొద్దీ వేడివేడిగా వేయిస్తానంది. చెబుతుంటే దాని కళ్లు మెరుస్తున్నాయి. పెద్దకోడలు ఒక్కటంటే ఒక్క తప్పు పట్టుకుందామని వెతికింది. వంకాయా, చేపలా అందామంటే, గిట్టనివాళ్లు పెట్టుకోకపోతే సరిపోయె. దొరకలేదు. కడుపు మండిపోయింది.

నేనేం చెయ్యను మరి అని అడగలేక, నావల్ల ఏమైనా పని ఉందా అని మాట వరసకి అడిగింది. ఉందక్కా, పెట్టెలు కనిపించకుండా బల్ల మీద నుంచి నేల దాకా దిగేలా ఒక గుడ్డ కుట్టిపెట్టు చాలు, వంటలో వేలు కూడా పెట్టనివ్వను నిన్ను, అంది చిన్నకోడలు నవ్వుతూ. సోఫాలో కూర్చున్న అత్తగారు అవునవును అన్నట్టు తలూపారు.

సరిగ్గా అప్పుడు, బల్ల మొదట్లో పళ్లేలకని పెట్టిన గుండ్రటి పేపరు ముక్కను చూస్తుంటే పెద్దకోడలికి ఒక విషయం తట్టింది. మరి ముందు పళ్లెం ఎవరు తీస్తారు? ఈ ఇంట్లో? చిన్నమామగారా? చచ్చినా తియ్యరు. ఆడపడుచు? వదిన తియ్యందే తియ్యదు. అత్తగారు? అందరూ తిన్నాక చూద్దామంటారు. ఎవరి చేతులు వాళ్లు కట్టుకుని నిలబడతారు. కూరలన్నీ ఎదురుచూసీ ఎదురుచూసీ పేరుకుపోతాయి. ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"నేనేమైనా మర్చిపోయానా అక్కా?" చిన్నకోడలు ఆమె మొహంలోకి చూసింది. "ఈ ఇంటి సంగతులు నీకు తెలిసినట్టు నాకు తెలియవు. ఏదైనా ఉంటే చెప్పు."

"ఏం లేదమ్మా. అన్నీ బాగానే ఉన్నాయి."

అంత చల్లగా అబద్ధం ఆడగలనని ఆమెకే తెలియదు. మెట్లు దిగుతుంటే సిగ్గేసింది, కాదనను. కానీ వీధి మలుపు తిరిగేలోగా ఆ సిగ్గు పోయింది.

ఆ వారమంతా ఆమె మిషను ముందు కూర్చుని బల్లగుడ్డ కుడుతూ, జరగబోయేది కళ్లముందు ఆడించుకుంది. అందరూ గోడలకి ఆనుకుని నిలబడతారు. చిన్నదాని మొహం పాలిపోతుంది. అత్తగారు దిక్కులు చూసి చూసి, చివరికి ఆమె వంక చూస్తారు. అప్పుడు తను తొందరపడకుండా లేచి, పోన్లే ఇటివ్వమ్మా అని గరిటె తీసుకుంటుంది. అంతే, ఇల్లు మళ్లీ తన చేతిలోకి వచ్చేస్తుంది. మిషను తొక్కుతూ ఎందుకు నవ్వుతున్నావని భర్త అడిగితే ఏం లేదంది.

పుట్టినరోజు ముందురోజు సాయంత్రం ఆమె దారం కొనడానికి బజారుకు వెళ్లింది. చేపల అంగడి ముందు అత్తగారు, చిన్నకోడలు కనిపించారు. అత్తగారి చెయ్యి చిన్నకోడలి చేతిలో ఉంది. చేప మొప్పలు ఎత్తి చూపిస్తూ అంగడావిడ ఏదో అంటే ఇద్దరూ పడీ పడీ నవ్వుతున్నారు. పెద్దకోడలు అవతల గొడుగుల దుకాణం చాటుకు తప్పుకుంది, తనే ఏదో దొంగతనం చేసినట్టు. తనతో అత్తగారు ఎప్పుడైనా అలా బజారుకు వచ్చారా? నిజానికి రాబోతే, మీకెందుకు శ్రమ, నేను తెస్తాగా అని ప్రతిసారీ కూర్చోబెట్టింది తనే. ఆ సంగతి గుర్తొచ్చినా ఆమె దాన్ని పక్కకి నెట్టేసింది. అసూయ గొంతు దాకా ఉన్నప్పుడు న్యాయం ఎవరికి కావాలి?

పుట్టినరోజు మధ్యాహ్నానికి అందరూ వచ్చారు. బల్ల చూసి ఆడపడుచు నోరు వెళ్లబెట్టింది. తెల్లటి గుడ్డ నేల దాకా జారి, అంచు ఎక్కడా కాలికి తగలకుండా సరిగ్గా ఉంది. ఆ గుడ్డ ఎవరు కుట్టారని ఎవరూ అడగలేదు. గిన్నెలన్నీ మెట్లు మెట్లుగా, పొగలు కక్కుతూ ఉన్నాయి. పెద్దకోడలు వచ్చి కిటికీ పక్క కుర్చీలో, గది మొత్తం కనిపించేలా కూర్చుంది.

చిన్నకోడలు చేతులు తుడుచుకుంటూ, రండి, ఎవరికి కావాల్సినవి వాళ్లు పెట్టుకోండి అంది. అంతే, గదిలో సందడి ఆగిపోయింది.

చిన్నమామగారు బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఎంత అందంగా పెట్టావమ్మా అని మెచ్చుకుని, వెనక్కి వచ్చి గోడకి ఆనుకున్నారు. ఆడపడుచు మీరు కానివ్వండి బాబాయ్ అంది. అబ్బే, నాకిప్పుడే కాఫీ అయింది, మీ అన్నయ్యని పెట్టుకోమను అన్నారాయన. పెద్దకోడలి భర్త, ముందు అమ్మ పెట్టుకోవాలన్నాడు. అత్తగారు నాకేం తొందర, ముందు మీరు తినండి అన్నారు. చిన్నకోడలి భర్త, లిఫ్టులు బాగుచేసే కుర్రాడు, పుట్టిపెరిగిన ఇల్లే కదా, వాడూ వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాడు. అందరి కళ్లూ కోడికూర మీదే. ఒక్కరి చెయ్యీ పళ్లెం మీద పడలేదు.

పెద్దకోడలికి నవ్వు ఆగడం లేదు. పెదవి కొరికి పట్టుకుంది. గిన్నెల మీద పొగ పలచబడుతోంది. చిన్నకోడలు ఒకరి మొహంలోంచి ఇంకొకరి మొహంలోకి చూస్తోంది, ఏం తప్పు జరిగిందో తెలియక. ఆ చూపు ఒకసారి పెద్దకోడలి మీద కూడా ఆగింది. అప్పుడు లేస్తే సరిపోయేది. అత్తగారు కూడా ఇటే చూస్తున్నారు. కానీ ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం చూద్దామనుకుంది ఆమె. అంత తియ్యగా ఉంది ఆ కాసేపు.

ఆ నిమిషంలోనే చిన్నకోడలు వెళ్లి తనే ఒక పళ్లెం తీసింది. తీసుకుని తిన్నగా చిన్నమామగారి ముందు నిలబడి, దుకాణంలో కళ్లజోడు పెట్టి అడిగినట్టే అడిగింది, మీకేం పెట్టమంటారని. ఆయన ఏదైనా ఒకటేనమ్మా అన్నారు. ఏదైనా అనే కూర నేను వండలేదండీ, పేరు చెప్పండి అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. చిన్నమామగారు అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకున్నారు.

"ఆ వంకాయ... కాస్త."

పెద్దకోడలు ఉలిక్కిపడింది. వంకాయా! ఎప్పుడో ఒకసారి తింటే దురద పెట్టిందన్నారని, ఆ మనిషి పళ్లెంలో వంకాయ పడకుండా ఇన్నేళ్లూ కళ్లలో వత్తులు వేసుకుని చూసిందే తను. ఆయనేమో రెండు చెంచాలు వేయించుకుని, గోడ పక్కనే నిలబడి, కళ్లు మూసుకుని తింటున్నారు. ఆడపడుచు కారంగా ఉన్న కోడికూరే అడిగింది. ఆస్పత్రి క్యాంటీన్‌లో చప్పిడి తిని తిని నాలుక చచ్చిపోయిందిట. అత్తగారు ముందు కేకు ముక్క కావాలన్నారు, అన్నానికి ముందే, చిన్నపిల్లలా. నన్నెవరైనా ఏం కావాలని అడిగి ఎన్నేళ్లయిందో అని నవ్వారు కూడా. మామూలుగానే అన్నారు, ఎవరినీ పొడవాలని కాదు. అయినా ఆ మాట వచ్చి సూటిగా పెద్దకోడలి గుండెల్లో దిగింది.

తల తిప్పేసరికి భర్త కనిపించాడు. పళ్లెంలో వేయించిన చేప. ముల్లు తీసి పక్కన పెడుతూ, వేళ్లు నాక్కుంటూ తింటున్నాడు. అయిపోయాక పళ్లెం చాపి, ఇంకోటి వెయ్యమ్మా అని అడిగాడు. ఆ ఇంటి మనిషి నోరు తెరిచి అడిగాడు.

ఆమె లేచి అతని దగ్గరికి వెళ్లింది. "మీకు చేప గిట్టదు కదా?"

"నాకా? ఎవరన్నారు?"

"పెళ్లైన కొత్తలో వేయించి పెడితే ముట్టకుండా లేచిపోయారు."

అతను నమలడం ఆపి ఆలోచించాడు. "ఆ రోజా? ఆ రోజు జ్వరం నాకు, బస్సు డిపోలో వదిలేసి వణుకుతూ వచ్చా. ఆ తర్వాత నువ్వు మళ్లీ వండనే లేదు. నీకే పడదేమోననుకున్నా. అడిగితే ఏమనుకుంటావోనని ఊరుకున్నా."

ఆమె వెనక్కి తిరిగింది. వెళ్లి మళ్లీ కుర్చీలో కూలబడింది. పుట్టింట్లో చేప లేనిదే ఆమెకు ముద్ద దిగేది కాదు. ఈ మనిషికి గిట్టదని మానేసింది. ఇన్నేళ్లూ చేపల అంగడి ముందు నుంచి మొహం తిప్పుకుని నడిచింది, ఆ వాసనకి నోరూరుతుంటే తనని తనే తిట్టుకుంటూ. తను ఎంత త్యాగం చేస్తోందో ఎవరికీ చెప్పలేదు, చెప్పకపోవడమే గొప్పనుకుంది. ఎవరికేం కావాలో తనకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదనుకుంది. తన మంచం మీద పడుకునే మనిషికేం కావాలో తనకి తెలియదు. వారం రోజుల నుంచి ఈ పిల్ల మీద ఏడుస్తోంది, గరిటె లాక్కుందని. ఇప్పుడర్థమైంది, గరిటె కాదు. ఆకలేస్తే తింటుంది, కావాలంటే అడుగుతుంది, తెలియకపోతే తెలియదంటుంది. ఆమె ఏడుపంతా అదీ. తనకి ఒక్కనాడూ చేతకానిది ఆ పిల్ల ఏ మాత్రం సిగ్గుపడకుండా చేస్తోంది.

ఇంతలో చిన్నకోడలు ఖాళీ పళ్లెం పట్టుకుని రానే వచ్చింది. "అక్కా, నీకేం పెట్టను? బావగారిని అడిగితే తను ఏదైనా తింటుందంటున్నారు. అత్తయ్యకీ తెలియదుట. నువ్వే చెప్పు."

ఒక్కొక్కరి ఇష్టం కంఠతా పట్టిందే తను, తన ఇష్టం ఒక్కరికి, ఒక్కరికి తెలియదు. రోషం ముంచుకొచ్చింది. "నాకేం వద్దు. ఆకలిగా లేదు," అంది మొహం తిప్పుకుని.

అని రెండోసారి అడగడం కోసం ఎదురుచూసింది.

"సరే అక్కా," అంది చిన్నకోడలు. "ఆకలేసినప్పుడు చెప్పు." పళ్లెం తీసుకెళ్లి బల్ల మీద పెట్టేసి, తను తినడం మొదలుపెట్టింది.

పెద్దకోడలు కొయ్యబారిపోయింది. ఆ ఇంట్లో మొదటి 'వద్దు'తో ఎవర్నీ వదిలేసిన చరిత్ర లేదు. భర్త వంక చూసింది. అతను ముల్లు తీసుకుంటున్నాడు. అత్తగారు రెండో కేకు ముక్కలో ఉన్నారు. కసికొద్దీ కూర్చుందామనుకుంది. కూర్చుంది కూడా. చేపల పళ్లెంలో నాలుగు ముక్కలుండేవి, చిన్నమామగారు ఒకటి తీసుకున్నారు, మరిది రెండు పెట్టుకుపోయాడు. ఆకలి లేదన్న ఆమె కడుపు కరకరలాడుతోంది. పొద్దున్నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు, ఎవరో బతిమాలతారని. ఇప్పుడు బతిమాలడానికి ఎవరూ లేరు. అందరూ తింటున్నారు, తృప్తిగా, తను లేకుండా.

చివరి ముక్క వైపు ఆడపడుచు చెయ్యి వెళ్లడం కనిపించింది. పెద్దకోడలు లేచింది. బల్ల మొదటికి నడిచి, దొంతర మీంచి ఒక పళ్లెం తీసుకుంది.

"అది నాకు కావాలి," అంది.

గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. గదంతా ఇటు తిరిగింది. ఆడపడుచు చెయ్యి వెనక్కి తీసుకుంది. పెద్దకోడలికి చెవులు ఎర్రబడ్డాయి, అయినా ఆగలేదు. ముక్క పళ్లెంలో వేసుకుని, అందరూ చూస్తుండగా, నిలబడే నోట్లో పెట్టుకుంది.

ఉప్పు సరిగ్గా ఉంది. పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉంది. ఏదో ఒక లోపం ఉంటే ఎంత బాగుండేదో. ఒక్కటీ లేదు. తను వేయించినా ఇంత బాగా కుదిరేది కాదేమో. చిన్నదాని మీద అసూయ పిసరంత కూడా తగ్గలేదు, నిజం చెప్పాలంటే ఇంకాస్త పెరిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ముక్క అయిపోయింది.

"ఇంకా ఉన్నాయా?" అని అడిగింది.

"ఉన్నాయక్కా. లోపల, వేయించాలి."

ఆమె వెళ్లి బల్ల పక్కనే కుర్చీ లాక్కుని, పళ్లెం ముందు పెట్టుకుని కూర్చుంది.

"అయితే వేయించు. నేను తింటాను."